పిరమిడ్ దగ్గర చెప్పాల్సి వచ్చిన మాట

ఆ ఫిబ్రవరిలో, కెనడాలో మేముండే మిల్టన్‌లో మంచు ఎత్తి ఎత్తి మా ఆయనకు నడుం పట్టేసింది. ఎండ తగిలితే బాగుంటుందని ఒక వారం మెక్సికో వెళ్లాం. సముద్రం ఒడ్డున హోటల్. రెండు రోజులు ఇసుకలో పడుకునేసరికి విసుగొచ్చి, మాయన్ల పాత నగరం చూపించే బస్ టూర్‌కి పేర్లిచ్చాం.

బస్సు కదిలాక వెనక సీట్లోంచి తెలుగు వినిపించింది.

"ఆ టోపీ తీసేయకండి. బయట ఎండ మండిపోతోంది."

వెనక్కి తిరిగి పలకరించాను. అరవైకి దగ్గరపడ్డ జంట. మా ఊరికి దగ్గరే ఉన్న గ్వెల్ఫ్ నుంచి వచ్చారట. అంకుల్ కార్ల పార్టులు చేసే ఫ్యాక్టరీలో మెషిన్ ఆపరేటర్. ఒక్కతే కూతురు, విన్నిపెగ్‌లో ఉద్యోగం. కెనడా వచ్చాక ఇద్దరూ కలిసి సరదాగా ఎటైనా బయల్దేరడం ఇదే మొదటిసారని ఆంటీ చెప్పింది. నెల్లూరు యాస ఇంకా పోలేదు.

దిగి నడుస్తుంటే నా చెయ్యి పట్టుకుంది. "ఆ గైడు ఇంగ్లీషు నాకు ఒక్క ముక్క ఎక్కడం లేదమ్మాయ్. కాస్త నువ్వు చెబుతా ఉండు."

సరేనన్నాను. గైడు ఆ పక్క ఊరివాడే, గడ్డి టోపీ పెట్టుకుని, కర్రకు కట్టిన పసుపు జెండా ఎత్తి పట్టుకుని ముందు నడుస్తున్నాడు. ఈ చుట్టుపక్కల నేల మీద పారే నదులు లేవనీ, మాయన్లకు నేల కుంగి ఏర్పడ్డ పెద్ద బావుల నీళ్లే ఆధారమనీ, తిరిగెళ్లేటప్పుడు అలాంటి ఒక బావిలో ఈత కొట్టొచ్చనీ చెప్పాడు. నేను ఆంటీకి చెప్పాను. పిరమిడ్ మెట్లు ఇప్పుడు ఎక్కనివ్వరని చెప్పాడు. అదీ చెప్పాను. "మంచిదేలే, ఈయన ఎక్కుతానని పట్టుబట్టేవాడు," అంది.

మెట్లకు ఎదురుగా నిలబడి చప్పట్లు కొడితే పైనుంచి పక్షి కూసినట్టు శబ్దం తిరిగొస్తుంది. అందరూ ఒకటి రెండుసార్లు కొట్టి ఊరుకున్నారు. అంకుల్ మాత్రం కొడుతూనే ఉన్నాడు. "విన్నావా? నాకు బదులు చెబుతోంది," అని ఆంటీని పిలిచి నవ్వాడు. ఫ్యాక్టరీలో పనిచేసి గట్టిపడ్డ అరచేతులు, అందరికంటే పెద్దగా మోగాయి.

అక్కణ్నుంచి మాయన్లు బంతాట ఆడిన మైదానం వైపు నడిచాం. దారిలో నీడ లేదు. అంకుల్ ఒక రాతి అరుగు మీద కూర్చున్నాడు. "కొంచెం ఆయాసంగా ఉంది. మీరు పదండి, వస్తా."

నాలుగడుగులు వేసి ఆంటీ వెనక్కి చూసింది. ఆయన పక్కకు ఒరిగిపోతున్నాడు.

మా ఆయన పరిగెత్తి పట్టుకున్నాడు. గైడు వాకీటాకీలో అరిచాడు. మా బస్సులోనే వచ్చిన ఒక నర్సు మోకాళ్ల మీద కూర్చుని గుండె మీద నొక్కడం మొదలుపెట్టింది. తర్వాత అంబులెన్స్ వాళ్లొచ్చి ఆవిణ్ని లేపి వాళ్లు నొక్కారు. చుట్టూ దుకాణాల వాళ్లు పులిలా గాండ్రించే మట్టి ఈలలు అమ్ముతుంటారు. ఆ గాండ్రింపులు ఆగలేదు. గైడు వాళ్ల భాషలో కేకేస్తే దగ్గరివాళ్లు ఆపారు. దూరంగా ఉన్నవాళ్లకు తెలియదు కదా, ఊదుతూనే ఉన్నారు.

ఆంటీ ఏడవలేదు. "ఏమంటన్నారమ్మాయ్? ఏమంటన్నారు?" అని నన్నే అడుగుతోంది. వాళ్లు స్పానిష్‌లో అన్నది గైడు ఇంగ్లీషులో నాకు చెప్పాలి, నేను తెలుగులో ఆవిడకు చెప్పాలి. ఊపిరి అందిస్తున్నారన్నాను. మందు ఎక్కిస్తున్నారన్నాను. ఉన్నదున్నట్టే చెబుతూ వచ్చాను.

తర్వాత వాళ్లు నొక్కడం ఆపేశారు. అంబులెన్స్‌లో వచ్చిన డాక్టరు గైడుతో ఏదో అన్నాడు. గైడు టోపీ తీసి, ఆవిడ వైపు చూడలేక నా వైపు తిరిగి చెప్పాడు. చెప్పి, "మీరే ఆమెకు చెప్పాలి," అన్నాడు.

"ఆంటీ, అంకుల్ పోయారు," అన్నాను.

"ఏ ఆసుపత్రికమ్మా?" అంది.

మా ఆయన తల దించుకున్నాడు. ఆవిడ అంబులెన్స్ వైపు చూస్తోంది, తనూ ఎక్కాలని చీర కుచ్చిళ్లు సర్దుకుంటోంది. నేను భుజాలు పట్టుకుని ఆపాను.

"ఆసుపత్రికి కాదు ఆంటీ. చనిపోయారు."

నా మొహంలోకి చూసింది. తర్వాత వెళ్లి ఆయన పక్కన కూలబడి, చొక్కా గుండీలు ఒక్కొక్కటే పెట్టడం మొదలుపెట్టింది.

తక్కిన వాళ్లు కొంచెం దూరంలో నిలబడ్డారు. ఇంకా బావిలో ఈత ఉంటుందా లేదా అని ఒకాయన గైడును మెల్లగా అడిగాడు. అడిగినందుకు ఆయనకే సిగ్గేసినట్టుంది, వెంటనే అటు తిరిగాడు. చివరికి వేరే గైడు వచ్చి వాళ్లను తీసుకెళ్లాడు. మేమిద్దరం ఆంటీ దగ్గర ఉండిపోయాం.

ఆంటీ ఫోన్ నా చేతిలో పెట్టింది. "పాపకు నువ్వే చెప్పమ్మాయ్. నా వల్ల కాదు."

ఆ అమ్మాయి ఎత్తి, కొత్త గొంతు విని, "హూ ఈజ్ దిస్?" అంది. ఆమెకు ఇంగ్లీషులోనే చెప్పాను. ఆఫీసులో రోజూ మాట్లాడే భాష, వాక్యం తడబడకుండా వచ్చేసింది. అవతల ఆ అమ్మాయి కేక పెట్టింది. ఇవతల నా గొంతు మామూలుగానే ఉంది. నాకే భయమేసింది.

మర్నాడు కూతురు వచ్చింది. మేము తిరిగి వచ్చేసినా, ఆయన్ని తీసుకురావడానికి వాళ్లకు చాలా రోజులు పట్టింది. గ్వెల్ఫ్‌లో దహనానికి వెళ్లాం. ఆ రోజు ఆంటీ నా పక్కనే కూర్చుంది.

ఆ తర్వాత నేనే రెండు మూడుసార్లు వెళ్లాను. పప్పూ కూరా చేసి పట్టుకెళ్లేదాన్ని. ఆవిడ టీ పెట్టి ఇచ్చి, ఎదురుగా కూర్చుని గోడ వైపు చూసేది. ఏప్రిల్లో ఒక ఆదివారం వచ్చేస్తుంటే తలుపు దాకా వచ్చింది.

"అమ్మాయ్, ఒకటి చెబుతాను, ఏమనుకోవద్దు. నువ్వు మంచిదానివి. ఆ రోజు నువ్వు లేకపోతే నేనేమైపోయేదాన్నో. కానీ నిన్ను చూస్తే నాకు నువ్వన్న మాటే వినబడతా ఉంది. ఇంక రావాకు."

"సరే ఆంటీ," అన్నాను.

కారు దగ్గరికొచ్చాక కాసేపు స్టార్ట్ చెయ్యలేకపోయాను. ఆవిడ అన్నదాంట్లో తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు. ఆ తర్వాత నేను వెళ్లలేదు. ఆ వేసవిలోనే ఆవిడ ఇల్లు ఖాళీ చేసి, కూతురి దగ్గరికి విన్నిపెగ్ వెళ్లిపోయిందని విన్నాను.