ముల్కీ కచేరీలో అమ్మ చెప్పిన మాట

1930ల చివర్లో, నాకు ఎనిమిదేళ్లప్పుడు జరిగిందిది. నేను పుట్టకముందే మావాళ్లు గోదావరి జిల్లా నుంచి బోధన్‌కు సేద్యానికి వచ్చారు. అన్నకు సర్కారు కొలువు రావాలంటే మేము నిజాం రాజ్యంలో స్థిరపడ్డామని ముల్కీ సర్టిఫికెట్ ఉండాలి. అందుకోసం అందరం నిజామాబాద్ కచేరీకి వెళ్లాం.

"నాలుగు పంటలు దీసుకొని మీ దిక్కు ఉరుకుతరు. ఈడనే ఉంటరని నమ్ముడెట్ల?" అన్నాడు తహసీల్దారు నవ్వుతూ.

"ఇక్కడే ఉంటామండి," అన్నారు నాన్న.

"గట్లనే అంటరయ్యా అందరు."

పరాయి మగవాళ్ల ముందు ఎన్నడూ నోరెత్తని అమ్మ ముందుకు వచ్చింది.

"మా చిన్నాణ్ణి చెరుకు చేను గట్టునే పూడ్చుకున్నామండి. వాణ్ణొదిలి ఎక్కడికి పోతాం?"

జబ్బుపడ్డ తమ్ముణ్ణి వైద్యం కోసం అమ్మమ్మగారి ఊరు పంపామని నాకు చెప్పారు. అన్న వైపు చూశాను. తల వంచుకున్నాడు. తెలియనిది నాకొక్కదానికే.

తహసీల్దారు సర్టిఫికెట్ కాగితం ముందుకు లాక్కున్నాడు. ముద్ర వేసి ఇచ్చాడు. నాన్న రెండు చేతులా దణ్ణం పెట్టారు.

నాకు చెప్పకుండా వాళ్లు ఎంత ఏడ్చారో పెద్దయ్యాక గాని అర్థం కాలేదు. తమ్ముడు ఎప్పుడొస్తాడని రోజూ అమ్మను అడిగేదాన్ని. ఆ రోజు తర్వాత అడగలేదు.