కారు అడుగున కర్ర బిరడా

గత మాసం మన సముద్రపుటొడ్డున జరిగిన పాతకార్ల ప్రదర్శనను గురించి ఒక పత్రిక అచ్చువేసిన వార్తను కత్తిరించి దాచాను. అందులో రెండు సీట్ల ఆకుపచ్చని ఎం.జి. కారు ఫొటో కింద “బొంబాయి నిపుణుల చేతిలో పునర్జన్మ పొందిన కారు” అని ఉంది. ఆ వాక్యంలో కారు అన్న ఒక్క మాట తప్ప మరేదీ నిజం కాదు. ఆ కారు బొంబాయి ముఖం ఎరగదు. దాన్ని విప్పినవాడూ, తిరిగి బిగించినవాడూ జ్ఞానాపురం రత్నరాజు. పక్కవాటాలో కాపురమున్న నేను ఆ పనిని మొదటినుంచి చివరివరకు చూశాను. సవరణ రాసి పత్రికకు పంపాను, వేయలేదు. పోస్టాఫీసు రసీదు నా దగ్గరే ఉంది. కనుక ఇక్కడ రాస్తున్నాను.

ఓడల సరకు ఎత్తి దించే ఒక ప్రైవేటు కంపెనీలో రత్నరాజు క్రేన్ల మెకానిక్కు, నేను ఉత్తర ప్రత్యుత్తరాల గుమాస్తాను. కంపెనీ చివరి ఇంగ్లీషు మేనేజరు 1969లో స్వదేశానికి పోతూ, అప్పటికే కదలిక మానేసిన తన కారును రత్నరాజుకు ఇచ్చిపోయాడు. ఆ దానపత్రాన్ని టైపు చేసింది నేనే. కొన్నేళ్లపాటు అది మా కంపెనీ క్వార్టర్సు వెనక రేకులషెడ్డులో ఇటుకలమీద నిలబడి, కృపావతి కోళ్లకు గుడ్లుపెట్టే చోటైంది. కృపావతి ఆయన ఇల్లాలు; ఇంట్లో కుట్టుమిషను, నోట్లో అంతకన్న చురుకైన సూది ఉన్న మనిషి.

1976లో రత్నరాజు కోళ్లను బయటికి తోలి పని మొదలుపెట్టాడు. విప్పడమంటే పీకి పారేయడమని భావించేవారు ఆయన పని చూడవలసింది. ఏ భాగపు బోల్టులు ఆ భాగం పేరు రాసిన హార్లిక్సు సీసాలో, కిరసనాయిలులో మునిగి ఉండేవి. సముద్రపుగాలి ఒక్కపూటలో ఇనుమును ఎర్రబరిచే ఊరు మనది. షెడ్డులో చోటు చాలక ఆ సీసాలు వంటింటి గూళ్లలోకి నడిచి వచ్చాయి.

“జీలకర్రకి సీసా లేదు గాని నీ బోల్టులకి సీసాలేటయ్యా?” అని కృపావతి నిలదీసింది.

“జీలకర్ర తుప్పట్టదు కృపా.”

“నీ బుర్ర పట్టింది.”

రత్నరాజుకు వినయమనే గుణం లేదు. దాని అవసరమూ ఆయనకు కలగలేదు. “ఓడలోంచి లారీని ఎత్తి ఒడ్డునెట్టే క్రేన్లు నా మాటింటాయి. ఇద్దరు మనుసుల్ని మోసీ బండి వినదేటి?” అనేవాడు. విదేశీ భాగాలు తెప్పించడానికి అనుమతి కావాలి. అనుమతికి దరఖాస్తులు కావాలి. ఆ దరఖాస్తులు నేను రాశాను, వచ్చిన తిరస్కారాలను వరుసగా దారం గుచ్చి దాచాను. ఆయన వాటికోసం ఎదురుచూడలేదు. బ్రేకులకు అంబాసిడర్ కారు రబ్బర్లను సరిపెట్టాడు. అరిగిన ఇత్తడి బుష్షులను తానే లేతుమీద తిప్పి చేసుకున్నాడు. ఇంజను తిరిగి కూర్చున్ననాడు, దానికి బాగైపోయిందన్నట్టుగా మూత తట్టి భోజనానికి వెళ్లాడు.

అసలు చిక్కు బాడీ రేకు ఊడదీసినప్పుడు బయటపడింది. ఆ కారుకు రేకు పైతొడుగు మాత్రమే. లోపలి ఎముకలగూడు కర్రది. ఆ కర్ర చేత్తో ముట్టుకుంటే పొడై రాలింది. షెడ్డు గుమ్మంలో చేరిన క్వార్టర్సు జనం, కారులో కర్ర ఏమిటని నవ్వారు. రత్నరాజు చేతులు దులుపుకున్నాడు.

“కర్రయితే మరీ మంచిది. మన గంగరాజు లేడేటి?”

గంగరాజు ఫిషింగ్ హార్బరులో పడవలు కట్టే వడ్రంగి. బాడిస భుజాన వేసుకుని వచ్చి, గుల్లయిన గూడు చుట్టూ తిరిగి, “ఏటి బావా, దీనికి ముందేటి, ఎనకేటి?” అన్నాడు. ఆ తర్వాత మరో ప్రశ్న అడగలేదు. పాత కర్ర ఎక్కడ ఎంత వంగిందో తాడుతో కొలుచుకున్నాడు. మద్దికర్రను నానబెట్టి, సెగ చూపించి, పడవ పక్కటెముకలను వంచినట్టే వంచాడు. తీరిక దొరికినప్పుడల్లా వచ్చి చేసిన ఆ పని రెండు వేసవులు సాగింది. చివరికి కారు అడుగున పలకలు పరిచి, సందుల్లో పత్తి కూరి, పైన గుగ్గిలం కాచి పోశాడు.

“సుక్క నీరు రాదు బావా. సముద్రంలో ఎట్టినా తేల్తాది,” అన్నాడు.

మేమంతా మెచ్చుకున్నాం. రేకు మళ్లీ ఎక్కింది, రంగు పడింది, కృపావతి సీట్లు కుట్టింది. పైకప్పు గుడ్డ ఒక్కటే మిగిలింది.

ఇంతలో 1983 సెప్టెంబరు వచ్చింది. ఆ నెలాఖరున రత్నరాజు పదవీ విరమణ. అదే రోజున క్వార్టరు అప్పగించాలి. ఆయన అప్పటికే ఊరవతల మధురవాడలో చిన్న ఇల్లు కట్టుకున్నాడు. “షెడ్డులోని తుక్కు ఇనుము కంపెనీ లారీలో తరలించబడును” అని నోటీసు వచ్చింది. తుక్కు! సొంతదారు పేరు, రిజిస్ట్రేషను నంబరు, దానపత్రం ఉన్న వాహనాన్ని కళ్లతో చూడకుండానే తుక్కు అన్నారు. అన్ని నకళ్లూ జతచేసి నాలుగు పుటల అభ్యంతరం రాశాను. అప్పగింత రోజున తనంతట తాను గేటు దాటితే వాహనమనీ, దాటకపోతే తుక్కేననీ జవాబు వచ్చింది. ఆ కొలత ప్రకారం కంపెనీ సొంత లారీల్లో ఎన్ని వాహనాలవుతాయో తెలుపవలసిందిగా తిరిగి రాశాను. దానికి నేటివరకు జవాబు లేదు.

“ఎల్లిపోద్ది రావుగారూ,” అన్నాడు రత్నరాజు. “మీరు కాయితాలు దాసుకోండి. నాను కారు తోల్తాను.”

ఆ రోజు రానే వచ్చింది. షెడ్డు రేకులు రత్నరాజు సొంతవి కావడంచేత ముందే విప్పి మధురవాడ పంపేశాడు. కారు పెరట్లో టార్పాలిను కింద ఉంది. ముందురాత్రి వచ్చిన గాలివాన టార్పాలినును ఎగరేసుకుపోయింది. తెల్లవారి చూసేసరికి కారులో తలుపు గడప వరకు నీళ్లు. గంగరాజు పనికి తిరుగులేదు: లోపలికొచ్చిన నీటిలో ఒక్క చుక్క కిందికి పోలేదు.

కంపెనీ తరఫున క్వార్టర్లు అప్పగించుకునే సూపర్వైజరు చలమయ్య లారీతో సహా వచ్చి, వంగి చూశాడు.

“కారన్నారు! ఇది కుడితి తొట్టి కాదేటండీ?”

“బట్టలు నానబెట్టుకుందునయ్యా, సబ్బు తెచ్చేవా?” అంది కృపావతి. గొంతులో వేళాకోళమే గాని, ఆమె కళ్లు లారీని వదలలేదు.

సామాను ఎక్కించేదాకా ఆగుతానన్నాడు చలమయ్య. రత్నరాజు చెంబుతో నీళ్లు తోడాడు. తోడుతుండగానే జల్లు మళ్లీ మొదలైంది. పైకప్పు లేని కారు. మధురవాడ దాకా ఆకాశం ఇదే తీరు. పెడళ్లు నీళ్లలో ఉంటే తోలడం సాగదు. ఆయన పెట్టెలోంచి కర్రకు రంధ్రాలు పెట్టే బరమా తీశాడు. వీడ్కోలు చెప్పడానికి వచ్చిన గంగరాజు ఆ చేయి పట్టుకున్నాడు.

“ఏటి సేత్తన్నావ్ బావా? అడుక్కి సిల్లా? మా తాత కాణ్ణించి మా ఇంట ఎవుడూ అడుక్కి సిల్లెట్టలేదు. ఆ కర్ర నా సేతిది.”

రత్నరాజు బరమా ఉపయోగించలేదు. తన కారే అయినా, ఆ పలక మరొకడి పని. ఆ హద్దు ఆయనకు తెలుసు. లారీ ఇంజను ఆన్ చేసి ఉంది. జల్లు ముదిరింది. రత్నరాజు బరమాను గంగరాజు వైపు చాపాడు.

“నువ్వు కట్టింది తప్పు కాదు బావా. పడవకి నీరు కిందనుంచి వస్తాది. దీనికి పైనుంచి వస్తాది. అంతే. నువ్వెట్టకపోతే నానెట్టను. లారీ ఎక్కించీమందాం.”

గంగరాజు కారు చుట్టూ మళ్లీ తిరిగాడు, మొదటిరోజు తిరిగినట్టే. ఆగి, తల ఎత్తి వానను చూశాడు.

“సిల్లెడితే బిరడా కూడా నానే సేత్తాను,” అని బరమా అందుకున్నాడు.

రెండు సీట్ల ముందూ చెరో రంధ్రం పెట్టాడు. నీళ్లు గడగడా పెరట్లోకి దిగాయి. మిగిలిన మద్దికర్ర ముక్కలను బాడిసతో చెక్కి, రోడ్డునీరు కిందనుంచి చిమ్మకుండా రెండు బిరడాలు చేసి, పోకుండా వాటికి వల తాడు కట్టాడు. రత్నరాజు ప్లగ్గులు తుడిచి, హ్యాండిలు తిప్పాడు. ఇంజను దగ్గింది, ఆగింది. మళ్లీ తిప్పాడు. ఈసారి ఆగలేదు. కృపావతి పక్కసీట్లో కూర్చుని గొడుగు విప్పింది. కారు గేటు దాటింది.

“స్వయంగా కదిలి గేటు దాటినది” అని రాసి సంతకం చేయమని చలమయ్య ముందు కాగితం పెట్టాను. వానలో సిరా అలుక్కుపోయింది గాని, సంతకం ఇప్పటికీ చదవవచ్చు.

తుక్కు కోసం వచ్చిన లారీ ఖాళీగా పోవడం అన్యాయమని చలమయ్యే ఒప్పుకున్నాడు. అందులో రత్నరాజు మంచాలూ, హార్లిక్సు సీసాలూ, నేనూ, గంగరాజూ ఎక్కాం. హనుమంతవాక దాటాక వాన పెరిగింది. ఎండాడ ఎత్తు దగ్గర కారు ఆగిపోతుందని లారీ డ్రైవరు పందెం వేశాడు. కారు ఆగలేదు. ముందు పోతున్న కారులో కృపావతి వంగి, ఏదో పైకి లాగడం చూశాం. కారు కిందనుంచి నీటిధార రోడ్డుమీదికి, మా లారీ చక్రాల కిందికి జారివచ్చింది.

“సూసేరా రావుగారూ!” అని గంగరాజు నా భుజం చరిచాడు. “ఇప్పుడది కారు!”

బొంబాయి నిపుణులెవరైనా ఉంటే మధురవాడ రావచ్చు. రత్నరాజు వానలో కూడా తోలుతూనే ఉన్నాడు. అడుగు పలకలో వల తాడుతో కట్టిన ఆ కర్రముక్కలు ఎందుకున్నాయో వారు చెప్పగలిగితే, ఈ సవరణను నేనే ఉపసంహరించుకుంటాను.