మా బావ మళ్లీ పడిపోయాడు

పళ్ల డాక్టరైన మా బావ చూపుడు వేలు నేను కొరికిన మాట వాస్తవమే. దవడ పన్ను పీకబోతుంటే భయమేసి నోరు మూసుకున్నాను. ఆ సమయానికి వేలు లోపలుంది. ఆయనకు కుట్లు పడ్డాయి. అక్క పరుగెత్తుకొచ్చి, "పన్ను విరగలేదు కదరా?" అని నన్నడిగింది.

కుట్లు విప్పిన వారమే ఆయనకా అలవాటు పట్టుకుంది. తనతో ఒక ఆట ఆడనిదే ఎవరి పన్నూ ముట్టుకోడు. వెయిటింగ్ హాల్లో టీవీ, రెండు జాయ్‌స్టిక్‌లు వెలిశాయి. వేలికి వ్యాయామం కాబోలనుకున్నాం.

ఆట ఉచితంగా దొరికేదే. రాక్షసులు గుంపుగా వస్తారు. వాళ్లను చంపితే ఇంకా పెద్ద గుంపొస్తుంది. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఆడాలి. ఒకరు పడిపోతే రెండోవారు వెళ్లి పక్కన నిలబడాలి, అప్పుడు లేస్తారు.

మా బావ పడిపోతాడు. ఆయన ఆటంతా అంతే.

"డాక్టరుగారూ, నా వెనకే ఉండమన్నానా!" అని అరిచేది పంటి నొప్పితో వచ్చిన డ్రాయింగు టీచరు.

"వెనకంటే ఎటు, టీచరుగారూ?"

"అయ్యో, మళ్లీ పడ్డారా! ఉండండి, వస్తున్నా."

నేనూ ఆయన్ని లేపీ లేపీ విసిగిపోయి, ఆ విసుగులోనే లోపలికెళ్లి పన్ను పీకించుకొచ్చాను. డాక్టరుగారి చెయ్యి మంచిదే గానీ బుర్రకు చురుకు తక్కువని ఊరంతా జాలిపడేది. రిసెప్షన్‌లో కూర్చునే అక్కకు తల కొట్టేసినట్టుండేది.

"పరువు పోతోందండీ. కాస్త నేర్చుకోరాదూ?"

"ఈ వయసులో నాకెక్కడొస్తుందే!"

ఒకరోజు లారీ డ్రైవరొకాయన వచ్చాడు. తలుపుకు అడ్డం నిలబడితే హాల్లోకి వెలుతురు రాని మనిషి. చెంప వాచి కన్ను సగం మూసుకుపోయింది. అంతకుముందు వచ్చినప్పుడు కుర్చీని చూసి, చెప్పులు వదిలేసి మరీ పారిపోయాడట. అక్క ఈసారి ముందుగానే చెప్పులు దాచేసింది.

"ఇవాళా పారిపోయాడంటే చీము లోపలికి పాకుతుందిరా. ప్రాణం మీదికొస్తుంది," అంది నా చెవిలో.

ఆట మొదలైంది. మా బావ పడ్డాడు. డ్రైవరు వణికే చేతులతోనే వెళ్లి లేపాడు. మళ్లీ పడ్డాడు.

"లేవండి సార్! నేనున్నాగా!"

నాలుగో గుంపు వచ్చేసరికి డ్రైవరు చేతుల్లో వణుకు లేదు. ఆట ముగిశాక మా బావ లేచి, "నేను లోపలికెళ్తున్నా," అన్నాడు నీరసంగా.

"ఆగండి సార్, ఒక్కరే వెళ్లకండి!" అంటూ డ్రైవరు వెనకే వెళ్లి కుర్చీలో కూర్చున్నాడు. పన్నొచ్చింది. కేక మాత్రం వినపడలేదు.

మర్నాడు మధ్యాహ్నం పక్కనే ఉన్న నా కళ్లజోళ్ల కొట్టు మూసి అటు వెళ్లాను. హాల్లో మా బావ ఒక్కడే ఉన్నాడు. ఒళ్లో టిఫిన్ డబ్బా, నోట్లో చెంచా, చేతుల్లో జాయ్‌స్టిక్. తెరమీద ఇరవై రెండో గుంపు. ఒంటి మీద గీత కూడా పడకుండా రాక్షసుల్ని ఊడ్చేస్తున్నాడు.

నాకు ఒళ్లు మండింది.

"మోసం బావా! ఇంత ఆట చేతిలో పెట్టుకుని, ఇన్నాళ్లూ మా అందరిచేతా కాపాడించుకున్నావా?"

ఆయన నోట్లోంచి చెంచా తీసి, కుట్ల మచ్చ ఉన్న వేలితో ఆట ఆపాడు.

"తను కాపాడిన మనిషి వేలు ఎవడూ కొరకడోయ్."