కిషన్‌రావు గడపకెక్కిన నాడా

ఆ శనివారం పొద్దున ప్రభావతి కుళాయి కింద బకెట్ పెట్టి తలెత్తేసరికి, కంచె అవతల నల్లోడు మూడు కాళ్ల మీద నిలబడి ఉన్నాడు. ముందరి కుడికాలి గిట్ట కొన మాత్రం నేలకు తాకించి, మెడ వాల్చేశాడు. రోజూ ఆమె అడుగుల చప్పుడుకే కంచె దాకా వచ్చి మూతి చాపేవాడు, ఇవాళ చెవి కూడా కదపలేదు.

నల్లోడు అన్నది ఆమె పెట్టుకున్న పేరు. గుర్రం అసలు పేరు జెట్. అది హెదర్ అనే ముసలి న్యూజిలాండ్ ఆవిడది. టౌరంగా బయట ఆవిడకున్న కివీపళ్ల తోటలో ప్రభావతి, భర్త నర్సయ్య పని చేస్తారు, తోట చివరి చిన్న ఇంట్లో ఉంటారు. నిజామాబాద్ పక్క పల్లె నుంచి వచ్చాక ఇది వాళ్లకు నాలుగో చలికాలం. ఏడో తరగతితో చదువాగిన ప్రభావతికి ఇంగ్లీషు చెవికెక్కింది గానీ నోటికి రాలేదు. హెదర్ ఏం మాట్లాడినా సగం నవ్వుతో, సగం తలూపుడుతో నెట్టుకొస్తుంది.

గమ్‌బూట్లతో బురద తొక్కుకుంటూ హెదర్ వచ్చింది. గుర్రం పక్కన వంగి గిట్టకు అరచెయ్యి ఆనించింది.

"కాలిపోతోంది. గిట్టకు కొట్టిన ఇనప నాడా కూడా లేదు. ఎప్పుడు ఊడిందో! నువ్వేమైనా చూశావా, ప్రభా?"

ఆలోచించేలోపే ప్రభావతి తల అడ్డంగా ఊగింది.

హెదర్ ఆమెకు అర్థమయ్యేలా, చేతులతో చూపిస్తూ నెమ్మదిగా చెప్పింది. నాడా వంకరగా ఊడేటప్పుడు గుర్రం దానిమీదే కాలు వేస్తుంది. అప్పుడు నాడాకున్న మేకు అరికాల్లోకి దిగొచ్చు. పైపైన దిగితే చీము పడుతుంది, చీము తీసేస్తే తగ్గిపోతుంది. లోపలి ఎముక దాకా దిగితే మాత్రం ఈ వయసులో కోలుకోదు. "అప్పుడు వాణ్ణి బాధపడనివ్వను, నొప్పి తెలియకుండా చంపించేస్తాను," అంది హెదర్. మధ్యాహ్నం పశువుల డాక్టరు వస్తాడు. అంతకుముందే నాడాలు కొట్టే గ్రేమ్ వస్తాడు. నాడా దొరికితే మేకులు అన్నీ ఉన్నాయో లేదో చూస్తే, గిట్టలో ఎక్కడ వెతకాలో అతనికి తెలుస్తుంది.

హెదర్ గడ్డిలో కళ్లు పెట్టి నాడా వెతకడం మొదలుపెట్టింది. ప్రభావతి కూడా వంగి వెతికింది. అది అక్కడ లేదని తెలిసీ వెతికింది.

నాడా ఆమెకు పోయిన వారమే దొరికింది. నీళ్లతొట్టి పక్కన, బురదలో. దొరకగానే సంతోషంతో గంతేసినంత పని చేసింది. ఎందుకంటే కిషన్‌రావు భార్య పద్మ అంతకు ముందునుంచే చెవినిల్లు కట్టుకుని పోరుతోంది. కిషన్‌రావు టౌరంగాలో డైరీ, అంటే చిన్న కిరాణా కొట్టు, నడుపుతాడు, కొత్తగా ఇల్లు కొన్నాడు. ఇంట్లోకి చేరినప్పటి నుంచి అందరికీ ఏదో ఒకటి: జ్వరమని, కారు గుద్దుకుందని. నల్ల గుర్రం కాలికి అరిగి, తనంతట తానే ఊడిపడిన నాడా గడప పైన, ద్వారబంధానికి కొడితే శని తొలగుతుందని పద్మకు ఎవరో చెప్పారు. కొన్నది పనికిరాదట. గుర్రం గలవాళ్లను అడిగి తెచ్చుకుంటే గుణం ఉండదట. అందుకే ప్రభావతి నాడాను కడిగి, పాత దుపట్టాలో చుట్టి ఇచ్చేసింది. చెట్టు కింద రాలిన పువ్వు ఏరుకున్నట్టే అనుకుంది. గుర్రం కాలి సంగతి మనసులోకే రాలేదు.

ఇప్పుడు ఏది ఎందుకు జరిగిందో ఆమెకు అంతు చిక్కలేదు. తను తీసినందుకు కాలు చెడిందా, లేక కాలు చెడినందుకు నాడా ఊడిందా? చెప్తే గుర్రం బతుకుతుందా? చెప్తే తమ పని ఉంటుందా?

ఇంట్లోకి వెళ్లి నర్సయ్యకు చెప్పింది. అతను చాయ్ కప్పు కింద పెట్టాడు.

"నువ్వు పీకినవా ఏంది దాని కాలుకెల్లి?"

"ఊకో! దొరికింది. కిందబడి దొరికింది."

"మరి దొరికిందని ఆమెకు చెప్పొద్దా?"

"చెప్తె గుణముండదని పద్మక్క అన్నది."

"పద్మక్కకేం బోయింది! కుంటేది ఆమె గాదు గదా."

"ఇప్పుడెట్ల జేద్దామయ్యా?"

నర్సయ్య గోడకున్న కారు తాళం తీశాడు. "ఎట్ల ఏంది? పోయి పీక్కొద్దాం పా."

కిషన్‌రావు ఇంటి గడప పైన, ద్వారబంధం మీద నాడా పసుపు పూసుకుని, కుంకుమ బొట్లతో, మామిడాకులు దొరకని ఊళ్లో ప్లాస్టిక్ తోరణం కింద కళకళలాడుతోంది. పద్మ తలుపు తీసి, విషయం విని, ద్వారానికి అడ్డంగా నిలబడింది.

"ఏంది ప్రభావతీ, శనివారం పూట కొట్టిన నాడాను శనివారమే పీకుతరా? అరిష్టం గాదూ?"

"అక్కా, గుర్రం సచ్చేటట్టున్నది."

"గుర్రానికి వేరే నాడా కొట్టిస్తరు. ఇది మాకిచ్చినవు గదా!"

"అది తొడుక్కోనీకె గాదక్కా, చూడనీకె. మేకులు చూడాల్నట."

లోపలి నుంచి కిషన్‌రావు లుంగీ సర్దుకుంటూ వచ్చాడు. "మేకులా? వంకరబోయిన పాతయి రెండో మూడో ఉండె. పటకారుతోని తీసి బిన్‌ల పడేసిన. చెత్తబండొచ్చి అది గూడ పోయింది. ఇవి మన స్క్రూలు."

ప్రభావతి తలెత్తి నాడా వంక చూసింది. రెండా, మూడా? ఎన్ని ఉండాల్సింది? ఇంతకీ దీన్ని తీసుకెళ్లి ఏం లాభం?

"అన్నా, రెండా, మూడా?"

"ఎవరు లెక్కబెట్టిన్రమ్మా! నేనేమన్న దానికి పురుడు బోసిన్నా?"

నర్సయ్య నవ్వబోయి, ప్రభావతి ముఖం చూసి ఆగిపోయాడు. పద్మ అప్పటికీ కదల్లేదు. ప్రభావతి ఎన్నడూ ఆమెకు ఎదురు మాట్లాడింది లేదు. ఇప్పుడు కూడా మాట్లాడలేదు. వసారాలో ఉన్న ప్లాస్టిక్ కుర్చీ ఎత్తి, పద్మ పక్కనుంచి గడప ముందు వేసి, ఎక్కి నిలబడి చెయ్యి చాచింది.

"స్క్రూడ్రైవరియ్యన్నా."

కిషన్‌రావు భార్య వంక ఒకసారి చూసి, లోపలికి వెళ్లి తెచ్చిచ్చాడు. "పోనియ్యే, పద్మా. మల్ల కొడ్తం తియ్," అన్నాడు. పద్మ చేతులు కట్టుకుని, "మల్ల మా ఇంట్ల ఎవరికన్న జ్వరమొస్తె నీకే ఫోన్ జేస్త," అంది.

వాళ్లు తిరిగొచ్చేసరికి గ్రేమ్ తోలు కట్టు నడుముకు బిగించుకుని, నల్లోడి కాలు తన మోకాళ్ల మధ్య పెట్టుకుని ఉన్నాడు. ప్రభావతి నేరుగా హెదర్ దగ్గరికి నడిచి నాడా చాపింది. పసుపు ఆమె వేళ్లకంటింది.

"నేను తీసుకున్న. పోయిన వారం. స్నేహితుల ఇంటికి ఇచ్చిన. మంచి జరుగుతదని. మేకులు వాళ్లు పారేసిన్రు. ఎన్నో తెల్వదు. పొద్దుగాల నేను అబద్ధం చెప్పిన."

ఈ మాటలన్నీ ఆమె ఇంగ్లీషులోనే చెప్పింది. ఎలా కూర్చుకుందో ఆమెకే తెలియదు. హెదర్ నాడాను అటూ ఇటూ తిప్పి చూసింది. కుంకుమ బొట్టు మీద బొటనవేలు ఆగింది. కోప్పడలేదు, పర్వాలేదనీ అనలేదు. గ్రేమ్‌కు అందించింది.

గ్రేమ్ దాన్ని వెలుతురుకు పట్టుకున్నాడు. లోపలి అంచు మెలిపడి ఉందని, గుర్రం దాన్ని తొక్కిందని చూపించాడు. మేకు సంగతి మాత్రం ఇది చెప్పదన్నాడు. పొడుగు పటకారుతో గిట్టను అక్కడక్కడా నొక్కాడు. మెలిపడిన చోటుకు సరిపోయే భాగంలో నల్లోడు ఒక్కసారిగా కాలు లాక్కున్నాడు. అక్కడే వంకర కత్తితో పలుచగా చెక్కడం మొదలుపెట్టాడు. తెల్లటి గిట్టలో సన్నటి నల్ల గీత కనిపించింది. దాని వెంటే వెళ్లాడు. మేకు తగులుతుందేమోనని ప్రభావతి ఇంకా దగ్గరికి వంగి చూసింది. తగిలితే ఏమనుకోవాలో, తగలకపోతే ఏమనుకోవాలో కూడా తెలియని స్థితి.

ఉన్నట్టుండి బూడిదరంగు నీరులాంటి చీము చిమ్మింది. కుళ్లు వాసనకు నర్సయ్య మొహం తిప్పుకున్నాడు. గ్రేమ్ ఇంకా కొంచెం తొలిచి, లోపల గట్టిగా, శుభ్రంగా ఉన్న పొర చూసి ఆగాడు. మేకు లేదు. లోతుకు పోలేదు. డాక్టరు వచ్చి ఇంజెక్షన్ ఇస్తాడు, అంతే, చంపే పని లేదన్నాడు.

కాలు వదిలాక నల్లోడు దాన్ని నేల మీద పెట్టాడు. కాసేపు ఆలోచించినట్టు ఆగి, దాని మీద బరువు వేశాడు.

"నాతోనే అయ్యిందా?" అని అడిగింది ప్రభావతి గ్రేమ్‌ను.

అతను కత్తి తుడుచుకుంటూ భుజాలెగరేశాడు. నాడా ఊడేటప్పుడు తొక్కుడుతో వచ్చి ఉండొచ్చు. ఈ వానలకు గిట్ట నాని, సందులో మట్టి దూరి ఉండొచ్చు. నాడా సంగతి ముందే తెలిసుంటే అప్పుడే చూసేవాడు. అప్పుడు ఇంత దాకా రాకపోనూ వచ్చు, వచ్చినా రావచ్చు.

ఆ జవాబును ఆమె మనసులో ఎటు తిప్పినా నిలబడలేదు. తప్పు తనదంటే ఏడ్చేసేది. కాదంటే ఇంటికెళ్లి అన్నం తినేది. అతను రెండూ అనలేదు.

హెదర్ ఉప్పు కలిపిన వేడి నీళ్ల బకెట్, చంటిపిల్లల న్యాపీ, వెండిరంగు టేపు తెచ్చి ఆమె ముందు పెట్టింది. "చీము ఆగేదాకా రోజూ కట్టు మార్చాలి. నా నడుము అంతసేపు వంగదు. నువ్వు కాలు పట్టుకో."

ఇది శిక్షో, నమ్మకమో ప్రభావతికి తేలలేదు. ఒక మోకాలు బురదలో ఆనించి, బరువైన ఆ గిట్టను రెండో తొడ మీదికి తీసుకుంది. అది ఇంకా వెచ్చగానే ఉంది. హెదర్ న్యాపీ చుడుతుంటే, నల్లోడు తీరిగ్గా తన ఒళ్లంతా ఆమె మీదికి వాల్చాడు.

"ఓరి, మీదబడకురా, నల్లోడా! నేనేమన్న గోడనా?"

హెదర్‌కు మాట అర్థం కాలేదు. టేపు పళ్లతో తెంపుతూ, "ఇంకొంచెం పైకెత్తు," అంది.