అన్నయ్య చెవిలో నూట పన్నెండు చరణాలు

మా అన్నయ్య హన్నిస్ గురించి ఊళ్లో ఎవరిని అడిగినా ముందు పాట సంగతే చెబుతారు. నలభై ఏళ్లు చేపల పడవల ఇంజన్లు బాగుచేశాడనీ, సగం ఊరి పడవలు ఇప్పటికీ ఆయన చేతి చలవ వల్లే తిరుగుతున్నాయనీ ఆ తరువాత గుర్తొస్తుంది వాళ్లకి. వదిన పోయి పదకొండేళ్లయినా ఆయన వంట ఉడికించిన బంగాళాదుంపలు దాటి ముందుకు పోలేదన్నది మాత్రం నాకొక్కదానికే తెలుసు. నేను ఆయన చెల్లెల్ని. పేరు మార్యున్. మాది గోడకు గోడ ఆనుకున్న పక్క ఇల్లు.

మా ఊరికి ఒక పాట ఉంది. నూట పన్నెండు చరణాలు. ఈస్టర్‌కి ముందు వచ్చే నలభై రోజుల ఉపవాసాలు మొదలయ్యే ముందు సోమవారం సాయంత్రం, ఏడాదికి ఆ ఒక్కసారే ఊరి హాల్లో పాడతాం. వాయిద్యాలు మాకెందుకు? నూట యాభైమందిమి చేయీ చేయీ పట్టుకుని వలయం కట్టి, ఎడమకు రెండడుగులు, వెనక్కి ఒకటి వేస్తుంటే చెక్క నేలే మద్దెలవుతుంది. ఒక్క మనిషి చరణం ఎత్తుకుంటాడు, అందరం పల్లవి అందుకుంటాం. కాగితం చూసి పాడకూడదు. అలా పాడిన వాడు మా ఊళ్లో ఇంకా పుట్టలేదు. పాట ఎత్తుకునే మనిషి తన తరువాత ఎవరన్నది అందరి ముందూ నోటితో చెప్పాలి, అదీ మా పద్ధతి. మా నాన్న అన్నయ్య పేరు చెప్పాడు. అన్నయ్య ముప్పై ఎనిమిదేళ్లుగా పాడుతున్నాడు, ఎవరి పేరూ చెప్పలేదు.

ఆ పాట నాకు తొమ్మిదో ఏట నుంచీ మొత్తం వచ్చు. వలయంలో ఎప్పుడూ ఆయన ఎడమ చెయ్యి నాదే. ముప్పై ఎనిమిదేళ్లలో ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, "నువ్వు ఎత్తుకుంటావా?" అని అడగలేదు. అడగాల్సింది. ఇంత వయసు వచ్చాక దాచుకోవడమెందుకు, ఆ మంట నాకు ఉండేది.

మొన్న క్రిస్మస్‌కి ఇంకో చిన్న పాట ఎత్తుకుని, పద్నాలుగో చరణం దగ్గర నోరు తెరిచి అలాగే నిలబడిపోయాడు.  పొలమారినట్టు పెద్దగా దగ్గి, ఆ దగ్గులోనే మొదటి మాట అందించాను. జనం నవ్వేసి నాకు నీళ్లు తెచ్చారు. అన్నయ్య నవ్వలేదు.

జనవరిలో రాజధాని తోర్స్‌హావ్న్‌లో ఆసుపత్రికి తీసుకువెళ్లాను. డాక్టరమ్మ గడియారం బొమ్మ గీయమంది. అంకెలన్నీ కుడి పక్కనే కుక్కేశాడు. కళ్లు మూసుకుని ఇంజన్ విప్పి బిగించిన మనిషి! డాక్టరమ్మ జబ్బు పేరు మెల్లగా చెప్పింది. ఆయన లేచి కోటు వేసుకున్నాడు.

బస్సులో కూర్చున్నాక నా వైపు తిరగకుండా అన్నాడు. "ఎవరికీ చెప్పకు."

"చెప్పను."

"ఒట్టెయ్యి."

"ఒట్టు."

"ఈసారి ఒక్కసారి చివరిదాకా పాడేస్తానే. మధ్యలో ఆగిపోయి, వాళ్లంతా జాలిగా చూస్తుంటే నిలబడలేను. అంతకంటే సముద్రంలో దూకడం నయం."

"నోరు మంచిదవ్వాలి. ఊరుకో."

ముందు సీట్లో ఇద్దరు ఆడపిల్లలు గట్టిగా పాడుకుంటున్నారు, ఇద్దరూ ఒకే మాట, ఒకే క్షణంలో. చెవుల్లో ఏవో తెల్లగా కనిపించాయి.

"ఏమిటే అవి?" అన్నాడు అన్నయ్య.

"ఇయర్‌బడ్స్. వైరు లేనివి. ఫోన్లో పాట వాళ్ల చెవుల్లో మోగుతుంది."

ఇంకేముంది! డ్రైవర్‌ని కేకేసి బస్సు ఆపించాడు. వానలో వెనక్కి నడిచి, మూసేయబోతున్న కొట్టుకు వెళ్లాం. అక్కడి అమ్మాయి పెట్టె తెరిచి చూపించింది. "వేలితో ఒకసారి తడితే ఆగుతుంది తాతగారూ, మళ్లీ తడితే సాగుతుంది. తిప్పలేం ఉండవు."

"మింగితే?" అన్నాడు అన్నయ్య.

ఆ పిల్ల బిత్తరపోయింది. నేను నవ్వాను. ఆ నెలంతటిలో నేను నవ్వింది అప్పుడే.

మర్నాడు నా వంటింట్లో ఫోన్ పెట్టుకుని తన గొంతుతోనే పాట రికార్డు చేయాలని కూర్చున్నాడు. నాన్న చేతిరాత పుస్తకం ముందు పెట్టుకున్నాడు. ఇరవై ఏడో చరణం దగ్గర వరుస తప్పాడు. మళ్లీ మొదలుపెట్టాడు. మళ్లీ అక్కడే. మూడోసారి ఇరవై ఏడు పాడి, పేజీ తిప్పి, మళ్లీ ఇరవై ఏడే పాడాడు.  ఆయన పుస్తకం ఎత్తి పొయ్యి మీదకు విసిరాడు. పొయ్యి ఆరి ఉంది కాబట్టి సరిపోయింది.

"నువ్వు పాడు," అన్నాడు.

పాడాను. పుస్తకం ముట్టుకోకుండా, పల్లవి వదిలేసి చరణాలు మాత్రం మొదటి నుంచి చివరిదాకా, ముప్పావు గంట. పాడుతున్నంతసేపూ ఓరకంట ఆయన్నే చూశాను. అయ్యాక ఏదో ఒకటి అంటాడని ఆశ. "కాఫీ చల్లారిపోయింది," అన్నాడు.

అప్పటి నుంచి మూడు వారాలు మాకు అదే పని. ఒక్క బడ్డే ఎడమ చెవిలో పెట్టుకునేవాడు, రెండో చెవి వలయానికి కావాలని. మొదట్లో అది జారి కాఫీలో పడింది. ఓసారి బూటులో దొరికింది. "ఇంతోటి బఠాణీ గింజ నా పరువు కాపాడాలి," అని తిట్టుకునేవాడు. నెమ్మదిగా అలవాటయింది. నా గొంతు చెవిలో చరణం చెబుతుంది, ఆయన వెంటనే పైకి ఎత్తుకుంటాడు, చరణం కాగానే వేలితో తడతాడు, అది ఆగుతుంది. నేను బంగాళాదుంపల తొక్క తీస్తూ, నేలను తన్నుతూ ఊరందరి బదులు పల్లవి పాడతాను. పల్లవి కాగానే మళ్లీ తడతాడు. అలా నూట పన్నెండూ తప్పు లేకుండా నాలుగుసార్లు అయ్యాయి. నాలుగోసారి నన్ను పట్టుకుని టేబుల్ చుట్టూ తిప్పాడు. డెబ్భై ఎనిమిదేళ్ల ముసలాడు, చిన్నపిల్లాడిలా!

ఆ రోజు రానే వచ్చింది. పగలు పిల్లలు కర్రలతో కొట్టి పీపా పగలగొట్టే పండగ ఆటయింది. సాయంత్రం తల దువ్వి, వెండి బొత్తాల కోటు వేసి, టోపీ చెవుల మీదకు లాగి నేనే తయారుచేశాను. ఫోన్ కోటు లోపలి జేబులో ఉంది. హాలు గుమ్మంలో డ్యోని ఎదురొచ్చాడు. ఊరి ఆటపాటల వ్యవహారమంతా చూసేది అతనే, అన్నయ్య కుడి చెయ్యి పట్టుకునేదీ అతనే.

"ఏం హన్నిస్, గొంతు పదునుగా ఉందా?"

"నీ చెవులు పదునుగా ఉంచుకో చాలు," అన్నాడు అన్నయ్య. టోపీ సర్దుకుంటున్నట్టు ఒకసారి చెవిని తట్టాడు. కుడి చెయ్యి డ్యోనీకి ఇచ్చాడు, ఎడమ చెయ్యి నాకు ఇచ్చాడు. వలయం కదిలింది.

మొదటి చరణం బ్రహ్మాండంగా వచ్చింది. జనం పల్లవి అందుకున్నారు. అప్పుడు అన్నయ్య చెయ్యి నా చేతిలో గట్టిగా గుంజుకుంది. ఏమైందో ఒక క్షణం నాకు అర్థం కాలేదు. 

చేతులు! ఊహ తెలిసిన దగ్గర్నుంచీ మేమిద్దరం ఈ వలయంలోనే ఉన్నాం. రెండు చేతులూ పక్కవాళ్లవే, పాట అయ్యేదాకా వదలడం ఉండదు. అది మాకు ఊపిరి పీల్చినంత మామూలు సంగతి. అందుకే మూడు వారాల్లో ఇద్దరికీ ఒక్కసారి కూడా తట్టలేదు. పిచ్చిమొహాలం! వంటింట్లో ఆయన చేతులు ఖాళీ. ఇక్కడ చెవిని తట్టడానికి వేలేది?

పల్లవి నడుస్తుంటే అది ఆగకుండా ఆయన చెవిలో రెండో చరణం పాడేస్తోంది. ఆయన నోరు తెరిచే వేళకు మూడోది మొదలయింది. ఆయన మూడోది పాడాడు. తరువాత ఐదు. పాటలోని రాజుగారి చిన్నకొడుకు ఓడ ఎక్కకుండానే తుఫానులో పడ్డాడు. జనం మొహాలు చూసుకున్నారు, కానీ పల్లవి ఆపలేదు. మొదటి ఇరవై ఆరూ ఆయనకు సొంతంగా వచ్చు, ఏ సాయం లేకుండా వచ్చు. ఆ గొంతు అలా తరుముతుంటే అవీ చెదిరిపోయాయి. నా గొంతే! నా గొంతే ఆయన్ని తరుముతోంది.

చెవిని భుజానికేసి రుద్దాడు. తల విదిలించాడు. టోపీ బిగుతుగా ఉంది, నేనే లాగి పెట్టాను కదా. నుదుటి నిండా చెమట. పల్లవి మధ్యలో నా వైపు వంగి, "ఆపవే, ఆపవే దాన్ని," అన్నాడు. ఆయన అలా బతిమాలడం నేనెప్పుడూ వినలేదు.

తరువాతి చరణానికి నోరు తెరిచాడు, మాట రాలేదు. నూట యాభైమంది కాళ్లు మాత్రం ఆగలేదు. ఎడమకు రెండు, వెనక్కి ఒకటి. కళ్లన్నీ ఆయన మీదే. జాలిగా. ఏది చూడలేనన్నాడో సరిగ్గా అదే.

నేను చెయ్యి వదిలేశాను.

వలయం నా దగ్గర తెగింది. టోపీ ఎత్తి, ఆయన చెవిలోంచి దాన్ని లాగేశాను. నా అరచేతిలో అది సన్నగా పాడుతూనే ఉంది. డ్యోని చూశాడు, అవతలివాళ్లూ చూశారు. దాన్ని గుప్పిట్లో నొక్కేసి, ఆయన చెయ్యి మళ్లీ పట్టుకుని, ఓడ ఎక్కే చరణం నుంచి నేనే ఎత్తుకున్నాను. గొంతు వణికింది. నేను ఎత్తుకున్న మూడో చరణానికి వణకలేదు. నూట పన్నెండో చరణం దాకా పాడాను. అన్నయ్య పక్కన అందరితో పాటు పల్లవి పాడాడు, తల వంచుకుని.

తరువాత కాఫీ, కేకులు. ఎవరూ ఏమీ అడగలేదు, అంతా తెలిసిపోయింది. అందరూ మరీ మర్యాదగా మాట్లాడారు. అది చాలు మనిషిని చంపడానికి. డ్యోని వచ్చి అన్నయ్య పక్కన కూర్చున్నాడు.

"హన్నిస్, నిన్ను తొందర పెట్టడం కాదు. నువ్వు ఓ పేరు చెబితే ఊరికి నిశ్చింతగా ఉంటుంది."

అన్నయ్య కప్పు కింద పెట్టాడు.  ఇప్పుడు చెబుతాడు, ఇప్పుడైనా చెబుతాడు అనుకున్నాను.

"ఆలోచించాలి," అన్నాడు. "మధ్యలో చెయ్యి వదిలేసినవాళ్లు మాత్రం కాదు."

 నేను కప్పులు కడగడానికి వెళ్లి, కడిగినవే మళ్లీ కడిగాను. ఆ రాత్రి ఇంటికి వచ్చి ఆయన్ని నోటికొచ్చినట్టు తిట్టాను, గోడకు ఇవతల నిలబడి. వినబడి ఉంటే వినబడనీ అనుకున్నాను.

వారం రోజులు మాట్లాడలేదు. కానీ ఎన్నాళ్లని ఊరుకుంటాను? పొయ్యి మీద గిన్నె పెట్టి చేపల షెడ్డుకు వెళ్లిపోతున్నాడు. చొక్కా బొత్తాలు తప్పు కాజాల్లో పెడుతున్నాడు. మార్చిలో నా పరుపు ఆయన ఇంటికి మార్చుకున్నాను. ఎందుకు వచ్చావని ఆయన అడగలేదు. హాల్లో జరిగింది ఆయనకు గుర్తుందో లేదో నేనూ అడగలేదు.

ఇయర్‌బడ్స్ పెట్టె సొరుగులో ఆయనకే దొరికింది. ఎలా పెట్టుకోవాలో మాత్రం చేతులు మరచిపోలేదు. రోజూ మధ్యాహ్నం కిటికీ దగ్గర కూర్చుని రెండు చెవుల్లోనూ పెట్టుకుని వింటాడు. చరణం కాగానే తడతాడు, ఆపుతాడు, తనలో తాను పల్లవి పాడతాడు, మళ్లీ తడతాడు. ఇప్పుడు చేతులు ఖాళీయే.

మేలో ఒకరోజు పెరట్లో పుల్లటి రూబార్బ్ కాడలు కోసి లోపలికి తెచ్చాను. ఆయన చెవిలోంచి ఒకటి తీసి నాకు అందించాడు.

"విను మార్యున్."

పెట్టుకున్నాను. ఎనభయ్యో చరణం, నా వంటిల్లు, వెనకాల నా కెటిల్ చప్పుడు.

"ఎవరో గానీ, పాట మొత్తం వచ్చు ఈవిడకి," అన్నాడు. కళ్లు మెరుస్తున్నాయి. "ఒక్క మాట పొల్లుపోలేదు. నాన్న పాడినట్టే ఉంది. నేనెప్పుడూ ఇంత బాగా పాడలేదు."

నేను కాడలు బల్ల మీద పెట్టాను.

"ఎవరో తెలియలేదా అన్నయ్యా?"

"ఎక్కడో విన్నట్టుంది. అమ్మ తరఫు మనిషేమో. నువ్వు కనుక్కో. వచ్చే ఏడు ఈవిడే ఎత్తుకోవాలి. నేను చెప్పానని డ్యోనీకి చెప్పు, ఇప్పుడే చెప్పు, మళ్లీ మరచిపోతాను." వేలు ఎత్తాడు. "చెయ్యి వదిలే రకం కాదు కదా?"

"కాదు," అన్నాను.

"అయితే సరే." మళ్లీ కిటికీ వైపు తిరిగి చెవిని తట్టాడు.

వరండాలోకి వెళ్లి డ్యోనీకి ఫోన్ చేశాను. హన్నిస్ ఓ పేరు చెప్పాడని చెప్పాను. హమ్మయ్య అన్నాడు డ్యోని. ఎవరి పేరు మార్యున్, ఎవరి పేరు అని రెండుసార్లు అడిగాడు. నా పేరు నా నోటితోనే ఎలా చెప్పుకోను?