వేలిముద్రలు లేని సీఐ

పోలీసు ఉద్యోగానికి నేనెప్పుడూ దరఖాస్తు పెట్టలేదు. అయినా ఒక ఏడాది పాటు సర్కిల్ ఇన్‌స్పెక్టర్‌గా చలామణి అయ్యాను. పలాసలో ఒక ఇంటర్నెట్ సెంటర్‌లో, చెక్క అడ్డుగోడల మధ్య ఇరుక్కున్న కంప్యూటరే నా స్టేషన్.

నిజానికి నేను జీడి ఫ్యాక్టరీలో మేస్త్రిని. పప్పు ఏరే ఆడవాళ్ల పని చూసుకోవడం, లారీ వచ్చినప్పుడు బస్తాల్లోంచి గుప్పెడేసి పిక్కలు తీసి కోసి సరుకు నాణ్యత చూడటం నా పని. చిన్నప్పుడు మా అమ్మ పక్కన కూర్చుని పిక్కలు కొట్టిన నాటి నుంచీ ఈ చేతులు జీడిలోనే ఉన్నాయి. తొక్కలో ఉండే నల్లటి రసం చర్మాన్ని కాల్చేస్తుంది. నా వేళ్ల కొసలు అరిగిన నాణేల్లా నునుపెక్కిపోయాయి.

మిగతా బతుకంతా డిటెక్టివ్ నవలలే. అద్దె పుస్తకాల షాపులో ఉన్నవన్నీ చదివాను. హంతకుణ్ణి ముందే పట్టేశానని చెప్పుకుందామంటే వినేవాళ్లే లేరు. మేనమామ కూతురే నా భార్య. ఆవిడకు చెబితే, "బావా, ముందు నీ చెప్పు ఎక్కడ పోయిందో కనిపెట్టు" అనేది.

రెండువేల సంవత్సరం దాటిన కొన్నేళ్లకు, దేశంలోని కుర్రకారంతా స్నేహితుల సైట్లలో చేరిపోతున్నప్పుడు నేనూ చేరాను. అక్కడ డిటెక్టివ్ నవలల అభిమానుల గుంపు ఒకటి కనబడింది. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసుకుంటూ తెల్లవార్లూ కొట్టుకునే మనుషులు! తప్పిపోయిన పిల్లాడికి తిరునాళ్లలో సొంత ఊరి వాళ్లు కనబడ్డట్టయింది.

ఒకరోజు ఏదో నవల మీద గొడవ జరుగుతోంది. శవాన్ని మోసుకెళ్లిన సంగతి సముద్రపు ఒడ్డున అడుగులను బట్టి చెప్పగలమా అని. ఒంటి వేలితో టైపు చేస్తూ నేనిలా రాశాను: "భావనపాడులో చేపల బుట్టలు మోసేవాళ్ల అడుగులు చూడండి. బరువున్నవాడి మడమ తడి ఇసుకలో లోతుగా దిగుతుంది. అడుగులు దగ్గర దగ్గరగా పడతాయి."

వెంటనే ఎవరో అడిగారు. "సార్, మీరు డిపార్ట్‌మెంటా?"

నేను ఒక నవ్వు బొమ్మ పెట్టాను. అంతే. నా నేరమంతా ఆ నవ్వులోనే ఉంది.

మర్నాటికి సీఐ గారినయ్యాను. నేను అబద్ధం చెప్పలేదు కదా అని సర్ది చెప్పుకున్నాను. కాదని చెప్పే అవకాశం రోజూ వచ్చేది, రోజూ దాటేసేవాణ్ణి. ఫ్యాక్టరీలో నన్ను సార్ అన్నవాళ్లు లేరు. ఇక్కడ నా మాట కోసం హైదరాబాద్ నుంచి, దుబాయ్ నుంచి ఎదురుచూసేవాళ్లు. పండగలకు నేనే కేసులు అల్లి పెట్టేవాణ్ణి. హంతకుడి పేరు సూటిగా చెప్పకూడదు, ఆధారాలే చెప్పాలన్నది మా కట్టుబాటు. ఇంకో సూత్రం కూడా నేనే వాళ్లకు నూరిపోశాను: నవల మధ్యలో నేరం ఒప్పుకున్నవాడు హంతకుడు కాడు. నా జీవితంలో అంత సరదాగా గడిచిన ఏడాది మరొకటి లేదు. అది దాచితే ఇంకో అబద్ధమవుతుంది.

గుంపులో సముద్రపు ఒడ్డున ఉన్న డొంకూరు అమ్మాయి ఒకతె ఉండేది. ఇచ్ఛాపురంలో ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పేది. ఎస్‌ఐ కావాలని కోరిక. ఉద్యోగం మానేసి తయారవనా అని నన్ను అడిగింది. నేను కుర్చీలో వెనక్కి వాలి, లేని మీసం దువ్వి, "రెండు పడవల మీద కాళ్లు పెట్టకు. మానెయ్" అని రాశాను.

వారం తిరక్కుండా జవాబొచ్చింది. "మీ మాట మీదే మానేస్తున్నాను సార్. ఈ నెలాఖరుకి చెప్పేస్తాను."

అది చదివాక నాకు అన్నం సహించలేదు. ఆ జీతంతోనే వాళ్లిల్లు గడుస్తోందని అంతకుముందే రాసింది. విషయం నా భార్యకు చెప్పాను.

"ఏటీ! పోలీసోడివని సెప్పుకున్నావేటి?"

"చెప్పలేదు. నవ్వాను."

"నవ్వినందుకు ఒకమ్మాయి కూడు పోతాది. ఎల్లి నిజం సెప్పు, బావా."

ఆ సాయంత్రమే గుంపులో రాశాను. నేను పోలీసును కాను, జీడి ఫ్యాక్టరీ మేస్త్రిని, అందరూ క్షమించండి అని. తిట్లకు సిద్ధపడి కూర్చున్నాను.

"సీఐ గారు కొత్త కేసు పెట్టారోచ్!" అని ఒకరు. "ఇంత సులువుగా ఒప్పుకున్నాడంటే ఎవరినో కాపాడుతున్నాడు" అని ఇంకొకరు. నేను నేర్పిన సూత్రం నా మెడకే చుట్టుకుంది. డొంకూరు అమ్మాయి విడిగా రాసింది. "అర్థమైంది సార్. మారువేషంలో ఉన్నారు. ఎవరికీ చెప్పను."

ఇక లాభం లేదని, ఒక్కసారి పలాస వచ్చి కళ్లారా చూడమన్నాను. నెలాఖరు లోపలే, ఒక శనివారం తండ్రిని వెంటబెట్టుకుని పాసింజర్‌లో దిగింది. సన్నగా, చురుగ్గా ఉంది. తండ్రి పడవ మీద వేటకెళ్లే మనిషి. ఇద్దరినీ నేరుగా ఫ్యాక్టరీకి తీసుకెళ్లాను. పప్పు ఏరుతున్నవాళ్లలో ఒకామె తలెత్తి అరిచింది.

"మేస్త్రీ, ఈ ముక్కపప్పు గుండుపప్పులో కలిపేసినాదెవులు? నువ్వే సూడు!"

ఆ అమ్మాయి నా దగ్గరకు వంగి మెల్లగా అంది. "అందర్నీ బలే తరిపీదు చేసినారు, సార్."

తల పట్టుకున్నాను. ఇంటికి భోజనానికి తీసుకెళ్లాను. నా భార్య చేపల పులుసు వడ్డిస్తూ, "నీకేటి సెప్పాల, అమ్మా? మా ఇంట్లో బల్లి అరిస్తే మంచమెక్కుతాడు ఈ సీఐ" అంది. దానికీ నవ్విందే తప్ప నమ్మలేదు.

నేను ఎడమ చేత్తో స్టీలు గ్లాసెత్తి నీళ్లు తాగి కింద పెట్టాను. ఆ అమ్మాయి చూపు గ్లాసు మీద ఆగిపోయింది. దాన్ని అంచు దగ్గర పట్టుకుని గుమ్మం వెలుగుకు వంచింది. తన గ్లాసు తీసి పక్కన పెట్టి చూసింది. దాని మీద వేలి గీతలు సుడులు సుడులుగా ఉన్నాయి. నా దాని మీద ఉత్త తడి మరక.

"మీ చెయ్యి ఇలా ఇవ్వండి." నా బొటనవేలు తడిమింది. "మా పెద్దమ్మ వేళ్లూ ఇలాగే ఉంటాయి. మందసలో ముప్పొద్దులా పిక్కలు కొట్టేది. ఇది వేషం కాదు."

"ఏటమ్మా, పోలీసాయన కాదేటి?" అన్నాడు తండ్రి, ముద్ద చేతిలోనే ఉంచుకుని.

"కాదు నాన్నా."

నేను తలెత్తలేకపోయాను. ఉద్యోగం మానెయ్యమన్న సలహాకు ఏ విలువా లేదని, పేరు కోసం రాశానని చెప్పాను.

"మరి ఇసకలో మడం సంగతి?"

"అది నిజమే."

అప్పుడు ఆ అమ్మాయి నవ్వింది. మొదట చిన్నగా, తర్వాత ఆగకుండా. "మొదటి కేసు, మావయ్యా! దొంగే దొంగనంటే నమ్మక, గ్లాసు సూసి పట్టీసినాను!" తండ్రి కూడా నవ్వేశాడు. నా భార్య ఆమె కంచంలో ఇంకో చేప ముక్క వేసింది. బడి మానదట. ఎస్‌ఐ పరీక్ష కోసం సాయంత్రాలు డొంకూరు ఇసుకలోనే పరుగు మొదలుపెడుతుందట.

ఆ రాత్రి గుంపులో తనే రాసింది, కట్టుబాటు ప్రకారం పేరు చెప్పకుండా: "గ్లాసు చూశాను. ముద్ర లేదు. ఇక మీరే తేల్చుకోండి." రెండు రోజులు కొట్టుకుని తేల్చారు. కొందరు తిట్టారు. ఆ తిట్లు నావే, తీసుకున్నాను. తర్వాత నన్ను మేస్త్రి గారూ అనడం మొదలుపెట్టారు. సీఐ గారూ అన్నప్పటికంటే అది వినడానికి బాగుంది.

దుబాయ్ ఆయన మాత్రం నమ్మలేదు. వేలిముద్రలు కూడా చెరిపేసుకున్నాడంటే చాలా పెద్ద ఆపరేషనే అయి ఉంటుందన్నాడు.