రక్తం చెప్పిన వయసు

మా అత్తమ్మ వయసు ఆధార్ కార్డులో నూట రెండు. కార్డు తీసిన రోజు పక్కన నిలబడి ఉజ్జాయింపుగా చెప్పింది నేనే. నూరు దాటిన ముసలివాళ్ల అసలు వయసు తేల్చే పరిశోధన కోసమని హైదరాబాద్ నుంచి ఇద్దరు ఇబ్రహీంపట్నంలోని మా ఇంటికి వచ్చారు. వయసు పెరిగేకొద్దీ రక్తంలోని కణాల్లో కొన్ని గుర్తులు మారతాయట, వాటిని బట్టి ఏళ్లు అంచనా వేస్తారట. పోల్చి చూసుకోవడానికి ఇంట్లో ఇంకొకరి రక్తం కూడా కావాలన్నారు. ఉన్నది నేనొక్కదాన్నే, చెయ్యి చాపాను.

రెండు నెలలకు కాగితాలు వచ్చాయి. అత్తమ్మ రక్తం వయసు తొంభై ఒకటి. అరవై మూడేళ్ల నా రక్తం వయసు డెబ్భై.

"నాయి పదకొండేండ్లు తగ్గినయా?" అని ఆమె మురిసిపోయింది. "మరి నీకెందుకు పెరిగినయ్ బిడ్డా?"

"నిన్ను మోసి మోసి పెరిగినయ్ అత్తమ్మా," అన్నాను. మెత్తగా చెప్పే ఓపిక లేదు.

సాయంత్రం ఆమెను బాత్రూంకు తీసుకెళ్దామని చంకల కింద చేతులు పెట్టబోతే ఆపింది.

"నువ్వు జర కూసో. నేను పోత."

గోడ పట్టుకుని లేచింది. మెల్లగా నడిచి వెళ్లింది, తలుపేసుకుంది, మళ్లీ నడిచి వచ్చి మంచం మీద కూర్చుంది. నేను కుర్చీలోంచి చూస్తూ ఉండిపోయాను. మూడేళ్లుగా, రోజుకు ఆరుసార్లు, ఆమెను అక్కడికి మోసుకెళ్తున్నాను.